నల్గొండ ఎండలో ఏడేళ్లు: మా డాబా మీద సక్యులెంట్లలో మిగిలినవి, పోయినవి

ఎడారి మొక్కలు కదా, మన నల్గొండలో బతక్కపోతే ఇంకెక్కడ బతుకుతాయి అనుకుని 2018 జులైలో ఒకేసారి పదకొండు సక్యులెంట్లు కొన్నాను. ఆ పదకొండులో ఇవాళ మా డాబా మీద ఉన్నవి నాలుగే. మధ్యలో ఇంకో యాభై దాకా వచ్చాయి, సగం పైగా పోయాయి. అమ్మేవాళ్లంతా చెప్పే మాట ఒకటే: "నీళ్లు తక్కువ పోయండి మేడం, అంతే." ఆ ఒక్క మాట పట్టుకుని నేను పోగొట్టుకున్న మొక్కలే ఎక్కువ. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

మొదటి రోజే మా అత్తమ్మ ఆ చిన్న చిన్న కుండీలను చూసి, "ఇంటి ముందర రణపాల ఉండంగ పైసలు పెట్టి గీ బొమ్మ మొక్కలెందుకు బిడ్డా?" అన్నది. అప్పుడు నవ్వుకున్నాను. నిజానికి ఆకులోనో కాండంలోనో నీళ్లు దాచుకునే మొక్క ఏదైనా సక్యులెంటే. ఆ లెక్కన రణపాల, కలబంద, గోడ మీద పాకే నల్లేరు, గుట్టల మీద రాళ్ల సందుల్లో దొరికే కుందేటి కొమ్ములు, చివరికి పప్పులో వేసుకునే గంగవాయిలి కూర కూడా ఆ కోవలోవే. అంటే అత్తమ్మ పెరట్లో నాకంటే ముందునుంచే సక్యులెంట్ల తోట ఉంది. దానికి ఎవరూ ఎండ తగ్గించే వల, అదే షేడ్ నెట్, కట్టలేదు.

మొదట పోయింది ఎచెవేరియా. గులాబీ పువ్వును మైనంతో చేసినట్టు ఉంటుంది, అంచులకు లేత గులాబీ రంగు. నేను కొన్నవాటిలో ఖరీదైనది అదే, 180 రూపాయలు. చలికాలమంతా చూడముచ్చటగా ఉంది. 2019 ఏప్రిల్ చివర్లో ఒక పొద్దున చేత్తో అలా తాకాను. ఆకులన్నీ బాగా మాగిన ద్రాక్షపండ్లలా ఊడి చేతిలోకి వచ్చేశాయి. మధ్యలో కాండం నల్లగా, మెత్తగా. దానికి నీళ్లు పోసి ఇరవై రోజులైంది. నీళ్లెక్కువై కుళ్లిందని అనడానికి లేదు. మరి ఎందుకు పోయింది?

ఇది అర్థం కావడానికి నాకు ఇంకో రెండు ఎండాకాలాలు, మరో ఆరు ఎచెవేరియాలు పట్టింది. మామూలు మొక్క పగలు ఆకు రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటుంది. ఈ జాతుల్లో చాలావరకు రాత్రి తెరుస్తాయి. పగలు తెరిస్తే దాచుకున్న నీరంతా ఆవిరైపోతుంది కాబట్టి, చల్లబడ్డాక కార్బన్ డయాక్సైడ్ తీసుకుని ఆమ్లంగా మార్చి దాచుకుని, పగలు రంధ్రాలు మూసుకుని వెలుతురులో దాన్ని చక్కెరగా వండుకుంటాయి. అంటే వీటికి రాత్రి చల్లబడాలి. ఎచెవేరియా సొంతూరు మెక్సికో కొండలు. అక్కడ పగలు ఎంత ఎండ కాసినా రాత్రికి చలి వేస్తుంది. మన దగ్గర మే నెలలో రాత్రి పదింటికి డాబా మీద చెప్పుల్లేకుండా నిలబడి చూడండి, సంగతి తెలుస్తుంది. స్లాబు కాలుతూనే ఉంటుంది. చుట్టూ ఉన్న గుట్టలూ రాళ్లే, అవీ పగటి వేడిని వదులుతూనే ఉంటాయి. మొక్క రంధ్రాలు సరిగ్గా తెరవదు, ఆకలితో ఉంటుంది, వేరు పని మానేస్తుంది. ఆ టైంలో నీళ్లు పోస్తే కుళ్లుతుంది, పోయకపోతే ఎండుతుంది.

కాబట్టి నా అనుభవంలో ఇక్కడ అసలు ప్రశ్న "నీళ్లెన్ని" కాదు, "ఈ మొక్క పుట్టిన ఊళ్లో రాత్రిళ్లు ఎలా ఉంటాయి" అని. కాలింపాంగ్ నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించిన రంగురంగుల ఎచెవేరియాలు ఒక్కటి కూడా రెండో ఎండాకాలం చూడలేదు. కొండ ఊళ్లో పెరిగిన మొక్క, నాలుగు రోజులు డబ్బాలో ప్రయాణం, దిగేసరికి మన డాబా. తప్పు మొక్కది కాదు, పంపినవాళ్లదీ కాదు. ఫొటో చూసి ఆగలేకపోయిన నాది.

అదే గులాబీ పువ్వు అందం కావాలంటే గ్రాప్టోపెటలం పెట్టుకోండి, దయ్యం మొక్క అంటారు, ఘోస్ట్ ప్లాంట్. బూడిద రంగులో, ఆకు మీద పిండి జల్లినట్టు ఉంటుంది. వేలు పెడితే ముద్ర పడిపోతుంది, మళ్లీ పోదు. మా చిన్నోడు ఒకసారి వరసగా అన్ని ఆకుల మీదా బొటనవేలు వేశాడు, ఏదో రిజిస్ట్రేషన్ ఆఫీసులో పని ఉన్నట్టు. దీని శాస్త్రీయ నామంలో పరాగ్వే అని ఉంటుంది కానీ ఇదీ మెక్సికోదే. ఎందుకో ఇది మన వేడికి తట్టుకుంటుంది. మే నెలలో ముడుచుకుని సగమవుతుంది, జూన్‌లో నాలుగు జల్లులు పడగానే విచ్చుకుంటుంది. రాలిన ఆకును మట్టి మీద పడేస్తే చాలు, రెండు మూడు వారాల్లో తెగిన చోట గులాబీ దారాల్లాంటి వేళ్లు, వాటి పక్కనే మెంతిగింజంత పిల్ల. 2018లో వచ్చిన ఒక్క కుండీ నుంచి ఇప్పటికి మా వీధిలో కనీసం తొమ్మిది ఇళ్లకు వెళ్లింది.

ఎండను తట్టుకోవడం కాదు, ఎండను తినేది కావాలంటే అడీనియం. ఆఫ్రికా తూర్పు భాగం, అరేబియా దీని సొంత నేల. మా మిగతా మొక్కలన్నీ తలలు వాల్చిన ఏప్రిల్‌లో ఇది నిండుగా పూస్తుంది. 2024 మేలో ఎండ 45 దాటిన రోజుల్లో నీడ లేకుండా నిలబడింది ఇదొక్కటే, నీళ్లు మాత్రం రోజు విడిచి రోజు పోశాను. అవును, రోజు విడిచి రోజు. ఆకులతో, పూలతో ఉన్న అడీనియంకు ఎండాకాలంలో నీళ్లు బాగానే కావాలి. డిసెంబరులో ఆకులు రాల్చుకుని నిద్రపోతుంది, అప్పుడు ఆపాలి. అందరూ దీన్ని తలకిందులుగా చేస్తారు. అడుగున ఉబ్బి ఉండే మొద్దు గట్టిగా ఉందా లేదా వేలితో నొక్కి చూడండి. కొంచెం మెత్తగా ఉండి మట్టి పొడిగా ఉంటే దాహం, మట్టి తడిగా ఉండి మెత్తబడితే కుళ్లు. కొమ్మ కోస్తే కారే పాలు విషం, ఆఫ్రికాలో బాణాలకు పూసేవారు. చిన్నపిల్లలున్న ఇంట్లో కత్తిరించిన వెంటనే చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

హవర్తియా గురించి ఒక ముక్క. దక్షిణాఫ్రికాలో పొదల నీడన, రాళ్ల పక్కన పెరిగే మొక్క ఇది. ముదురాకుపచ్చ మీద తెల్లచారలుండే జీబ్రా రకం మా తూర్పు వైపు సజ్జ కింద, పొద్దున రెండు గంటల ఎండతో ఏడేళ్లుగా ఉంది. డాబా మీద పెట్టిన దాని అక్కచెల్లెళ్లు ఇటుక రంగులోకి తిరిగి మాడిపోయాయి. ఎండ పడని గదిలో టేబుల్ మీద పెట్టుకోవచ్చని అమ్ముతారు, అది నమ్మకండి. కిటికీ దగ్గరైనా ఉండాలి, లేకపోతే సన్నగా పైకి సాగి ముఖం మారిపోతుంది.

స్నేక్ ప్లాంట్ గురించి ఏం చెప్పను, నేను పోయినా అది బతికే ఉంటుంది. ఒకే ఒక్కసారి పోయింది, ఊరెళ్తూ పక్కింటి వదినకు అప్పజెప్పినప్పుడు. ఆమె ప్రేమగా రోజూ చెంబెడు నీళ్లు పోసింది. దీన్ని "ఆక్సిజన్ మొక్క" అని ఎక్కువ ధరకు అమ్మడం మాత్రం నాకు నచ్చదు. 1989లో నాసా చేసిన పరీక్ష మూసేసిన చిన్న పెట్టెల్లో జరిగింది. తలుపులు, కిటికీలు ఉన్న మన ఇంట్లో ఒక కుండీ గాలిని శుభ్రం చేసేదేమీ లేదు. అందంగా ఉంది, చావదు, ఆ రెండూ చాలవా?

ఇక్కడ జేడ్ అని అమ్మేది చాలాసార్లు జేడ్ కాదు, ఏనుగులు తినే పోర్టులకేరియా. ఎర్రటి కాడ, చిన్న గుండ్రటి ఆకు ఉంటే అదే. మోసమనుకోకండి, మన ఎండకు అసలు జేడ్ కంటే ఇదే మేలు. అసలు జేడ్ మా దగ్గర రెండు సార్లు వాడిపోయింది. తల మీద ఎర్రటి బంతి ఉండే మూన్ కాక్టస్ మాత్రం కొనొద్దు. ఆ ఎర్రబంతిలో పచ్చదనం లేదు, సొంతంగా తిండి వండుకోలేదు, కింద డ్రాగన్ ఫ్రూట్ జాతి ముక్క మీద అంటుకట్టి ఉంటుంది. మాది ఏడాదిన్నరకు బంతి కుళ్లి రాలిపోయింది. కింది ముక్క మాత్రం ఇప్పుడు గోడెక్కింది.

మట్టి గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే 2020 అక్టోబరు వానల్లో ఒక్క వారంలో పద్నాలుగు కుండీలు పోయాయి. అప్పటిదాకా నర్సరీ నుంచి వచ్చిన కొబ్బరిపొట్టులోనే ఉంచాను. అది తడిస్తే వారం ఆరదు, ఎండితే బిగుసుకుని నీళ్లు పీల్చదు, పక్కనుంచి జారిపోతాయి. ఇప్పుడు కొన్న రోజే దాన్నంతా దులిపేస్తాను. నా మిశ్రమం: ఎర్ర చెల్క మట్టి ఒక పాలు, క్రషర్ దగ్గర దొరికే 6 ఎంఎం రాతి చిప్స్ రెండు పాళ్లు, నల్లగా కాల్చిన ఊక ఒక పాలు, గుప్పెడు వర్మీ కంపోస్టు. చిప్స్‌ను జల్లెడ పట్టి కడగకపోతే రాతిపిండి కింద చేరి సిమెంటులా గట్టిపడుతుంది. ఊక విషయంలో కూడా ఒక దెబ్బ తిన్నాను. మిర్యాలగూడలో మిల్లులకు కొదవ లేదు, ఊక బూడిద బస్తా ఊరికే వస్తుంది కదా అని తెచ్చాను. అది తెల్లటి బూడిద. తడవగానే ముద్దయింది. కావలసింది గింజ ఆకారం చెడకుండా నల్లగా కాలిన ఊక. చేత్తో నలిపితే గరగరమనాలి.

నీళ్లు ఎప్పుడు పోయాలో తెలుసుకోవడానికి నేను వాడే పరికరం కాలిపోయిన అగరబత్తి పుల్ల. కుండీలో అడుగుదాకా గుచ్చి పది నిమిషాలుంచి తీస్తే, మట్టి అంటుకుంటే ఆగడం, పొడిగా వస్తే పోయడం. ఎండాకాలం మధ్యాహ్నం పైన ట్యాంకు నుంచి పైపు పెట్టొద్దు, మొదటి బకెట్ నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా వస్తాయి. ఒక ట్రే మొలకలను అలా ఉడకబెట్టాను.

నీళ్ల రకం కూడా చూసుకోవాలి. ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టి నల్గొండ టెక్నిక్ అంటారు, ఇక మా బోరు సంగతి వేరే చెప్పాలా? స్పైడర్ ప్లాంట్ ఆకుల కొసలు ఫ్లోరైడ్‌కు గోధుమరంగులో మాడిపోతాయి. సక్యులెంట్లకు అంత కనబడలేదు కానీ, బోరు నీళ్లు పోసిన రెండేళ్లకు కుండీ అంచుల్లో, హవర్తియా ఆకుల మొదట్లో తెల్లటి ఉప్పు పొర కట్టింది. ఇప్పుడు నల్లా నీళ్లే, వానాకాలంలో డ్రమ్ములో పట్టిన వాన నీళ్లు.

పిండినల్లి గురించి పత్తి వేసే ఇంట్లో పుట్టినదాన్ని నాకెవరూ చెప్పనక్కర్లేదు, అయినా రెండుసార్లు మోసపోయాను. ఆకుల సందులో దూది ముక్కలా ఉంటుంది, పైనుంచి కనబడదు. కుండీ చుట్టూ చీమలు తిరుగుతున్నాయంటే అనుమానించాలి. స్పిరిట్‌లో ముంచిన దూది పుల్లతో ఒక్కొక్కటీ తుడవడమే నాకు పనిచేసింది. వేపనూనె మాత్రం సాయంత్రం తప్ప కొట్టొద్దు, ఎండలో ఆకు కాలుతుంది. పైగా దయ్యం మొక్క పిండిని కడిగేస్తుంది. కోతులకు మందు లేదు. అవి తినవు, ఒక్కొక్కటీ పీకి, వాసన చూసి, పారేసి పోతాయి. వైరు మెష్ కట్టించాక కానీ నాకు నిద్ర పట్టలేదు.

ఖర్చు లెక్క అడిగితే, మొక్కల మీద పెట్టింది చాలావరకు పోయింది. 50 శాతం షేడ్ నెట్, స్లాబుకు రెండడుగుల పైన వెదురు తడికల బెంచీ, ఈ రెండే పెట్టిన డబ్బుకు పనిచేశాయి. నేల మీంచి కుండీలు లేపడం ఒక్కటే చేసినా మే నెల చావులు సగానికి తగ్గాయి. ముందే చేయాల్సింది.

కొత్తగా మొదలుపెట్టే మా వీధి వాళ్లకు ఇప్పుడు ఒక అడీనియం, ఒక దయ్యం మొక్క, సజ్జ కిందికి ఒక జీబ్రా హవర్తియా చాలంటాను. సెప్టెంబరు చివర్లో, అసలు వానలు తగ్గాక కొనమంటాను. మార్చిలో వద్దు.

ఈ వారం అడీనియంకు జంట కొమ్ముల్లా రెండు కాయలు లేత గోధుమరంగుకు తిరిగాయి. పగిలితే లోపలి గింజలకు రెండు కొసలా దూది కుచ్చులుంటాయి, గాలికి పానగల్లు దాకా పోతాయి. అత్తమ్మ పొద్దునే పూలు గుచ్చే దారం తెచ్చి, రెండింటికీ మూడు చోట్ల చుట్టి ముడేసింది. ఆమె నల్లేరు మాత్రం షేడ్ నెట్ స్తంభం పట్టుకుని పైకెక్కుతోంది, తెంపబోతే ఊరుకోవడం లేదు, పచ్చడికి లేత కణుపులు కావాలట.