జెద్దాలో రెండు రాత్రులు: కిరీటాలు, కుస్తీలు, నాకు కనిపించని భుజం

రియాద్‌లో మా రూమ్‌లో నలుగురం. ఇద్దరం జగిత్యాల వైపు, ఒకరు కడప, ఒకరు పాలమూరు. బడి రోజుల్లో రెజ్లింగ్ ట్రంప్ కార్డులతో "ర్యాంక్ ఎంత, ఛాతీ ఎంత" అని ఆడుకుని, అండర్‌టేకర్ కార్డు కోసం చొక్కాలు చింపుకున్న తరం మాది. అందుకే 2024 మేలో జెద్దాలో డబ్ల్యూడబ్ల్యూఈ రెజ్లింగ్ షో 'కింగ్ అండ్ క్వీన్ ఆఫ్ ది రింగ్' అనగానే ఎవరూ ఎవరినీ బతిమాలాల్సిన పని పడలేదు. మే 24న వారం వారం వచ్చే టీవీ షో స్మాక్‌డౌన్, 25న అసలు పే-పర్-వ్యూ, అంటే పెద్ద షో. శుక్రవారం, శనివారం మాకు ఎలాగూ సెలవే.

రియాద్ నుంచి జెద్దా దాదాపు 950 కిలోమీటర్లు. విమానం అయితే గంటన్నర పైచిలుకు, కానీ గురువారం సాయంత్రం టికెట్ల ధర చూసి ఫోన్ పక్కన పెట్టేశాం. 91 రకం పెట్రోల్ లీటరు అప్పుడు 2.18 రియాల్‌కు దొరికే దేశంలో నలుగురు ఒక కారులో వెళ్తే తలా నలభై యాభై రియాల్‌లలో పని అయిపోతుంది. ఐదింటికి బయలుదేరి తెల్లవారుజామున మూడున్నరకు చేరాం. రోడ్డు అద్దంలా ఉంటుంది, అదే చిక్కు. నిద్ర ముంచుకొస్తుంది, కాలు బరువెక్కుతుంది, అప్పుడే వేగం పట్టే సాహెర్ కెమెరా తళుక్కుమంటుంది. మా వాడికి ఇంటికి వచ్చాక జరిమానా మెసేజ్ వచ్చింది. దాన్ని కూడా నలుగురం పంచుకున్నాం, కొంచెం గొణుక్కుంటూ.

తాయిఫ్ దాటాక మక్కా వైపు నేరుగా పోకుండా, ముస్లింలు కానివాళ్లకు వేరే దారి చూపించే బోర్డు వస్తుంది. కారులో కడప అన్న ఒక్కడే ముస్లిం, మిగతా ముగ్గురం కాదు కాబట్టి అందరం ఆ చుట్టు దారే పట్టాం. హజ్ దగ్గర పడుతున్న రోజులు. మొదటిసారి వెళ్లేవాళ్లు ఆ ఎగ్జిట్ తప్పకుండా ముందే మ్యాప్ చూసుకోండి.

బస గురించి చెప్పాలంటే కోపం వస్తుంది. యాప్‌లో షో జరిగే జెద్దా సూపర్ డోమ్‌కు దగ్గర అని రాసి ఉన్న ఒక ఫర్నిష్డ్ అపార్ట్‌మెంట్ బుక్ చేశాం. వెళ్తే బుకింగే తమ దగ్గర లేదన్నారు. అర్ధరాత్రి దాటాక నలుగురి ఇకామాలు (నివాస కార్డులు) చూసి, గంట కూర్చోబెట్టి, వేరే గది ఇచ్చారు. ఏసీ బస్సు ఇంజిన్‌లా మోగింది. మరుసటి రోజు అజీజియాకు మారాం. అక్కడ మన ఇండియన్ స్కూల్ ఉంది, చుట్టూ ఇండియా, పాకిస్తాన్ హోటళ్లు. గది చిన్నదే కానీ దుప్పట్లు శుభ్రం, రిసెప్షన్‌లో అబ్బాయి హిందీ మాట్లాడతాడు, పార్కింగ్ ఉంది. మళ్లీ వెళ్తే నేరుగా అక్కడికే. తిండికి షరఫియా వెళ్లండి, మలయాళీల అడ్డా. పొద్దున పుట్టు కడలా, రాత్రి పరోటా. పప్పన్నం మాత్రం ఎక్కడా దొరకలేదు. చికెన్ హోటల్ అల్ బైక్ పుట్టింది జెద్దాలోనే కాబట్టి వెళ్లడం మర్యాద అని పాలమూరు తమ్ముడి వాదన. ఆ మర్యాద మూడు పూటలు చేశాం.

ఇక డోమ్. బయట నుంచి చూస్తే పెద్ద గిన్నె బోర్లించినట్టు ఉంటుంది. 210 మీటర్ల వ్యాసం, 46 మీటర్ల ఎత్తు, లోపల ఒక్క స్తంభం లేదు. ఆ రకం డోముల్లో ప్రపంచంలోనే పెద్దదని గిన్నిస్ రికార్డు. స్తంభం అడ్డు రాదు సరే, దూరం వస్తుంది. మా చౌక సీట్ల నుంచి రింగ్ క్యారమ్ బోర్డంత కనిపించింది. సగం ఆట స్క్రీన్ మీదే చూశాం. బయట మండే ఎండ, లోపల చలి. పిల్లలతో వెళ్లేవాళ్లు పలచటి స్వెటర్ పట్టుకెళ్లండి. సౌదీ కుటుంబాలు పిల్లాజెల్లాతో వచ్చాయి, ఐదేళ్ల పిల్లల భుజాల మీద వాళ్లకంటే పెద్ద బెల్టులు. నీళ్ల సీసా ధర చూసి మాత్రం గొంతు ఇంకా ఎండింది.

మొదటిసారి లైవ్ చూసేవాళ్లకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది: అక్కడ కామెంటరీ వినిపించదు. ముప్పై ఏళ్లుగా ఆ అరుపుల తోడుతో చూసినవాడికి ఒక్కసారిగా మ్యూట్ నొక్కినట్టు ఉంటుంది. రింగ్ చాప మీద పడిన చప్పుడు, చెంపదెబ్బ చప్పుడు, జనం హోరు, అంతే. కథ మనమే చెప్పుకోవాలి. మా పక్కన కూర్చున్న పెషావర్ పెద్దాయన రెండు రాత్రులూ ఉర్దూలో మాకు ఆ లోటు తీర్చాడు. శుక్రవారం ఆయన పక్కన కూర్చోవడం యాదృచ్ఛికం, శనివారం మేమే ఆయన్ని వెతుక్కుని ఖాళీ సీట్లలోకి జరిగాం.

నన్ను అడిగితే రెండింటిలో శుక్రవారమే లాభం. మాకు టికెట్ తక్కువకు దొరికింది, సీట్లు ముందుకు దొరికాయి, టోర్నమెంట్ రుచి కూడా అక్కడే ఉంది. మగవాళ్లు 16 మంది, ఆడవాళ్లు 16 మంది. గెలిచినవాళ్లకు కిరీటంతో పాటు ఆగస్టులో సమ్మర్‌స్లామ్ అనే పెద్ద షోలో ప్రపంచ టైటిల్ మ్యాచ్. రెండో వారపు షో 'రా' వైపు సెమీఫైనల్స్ అమెరికాలోనే అయిపోయి గుంథర్, లైరా వాల్కీరియా ఫైనల్‌కు చేరి ఉన్నారు. స్మాక్‌డౌన్ వైపు రెండూ మా కళ్ల ముందే జరిగాయి: రాండీ ఆర్టన్ టామా టోంగాను, నయా జాక్స్ బియాంకా బెలెయిర్‌ను ఓడించారు. ఎవరు పోతారో, ఎవరు మిగులుతారో అన్న టెన్షన్ సెమీస్‌లో ఉన్నట్టు ఇంకెక్కడా ఉండదు. 1993లో బ్రెట్ హార్ట్ ఒకే రాత్రి మూడు మ్యాచ్‌లు గెలిచి కింగ్ అయ్యాడు. అలా ఒకే టికెట్ మీద అంతా చూపించే రోజులు పోయాయి, ఇప్పుడు వారాల తరబడి సాగదీస్తారు.

శనివారం అసలు షోలో ఐదే మ్యాచ్‌లు. బెకీ లించ్ మీద లివ్ మోర్గన్ గెలుపు, మధ్యలో దూరిన రెజ్లర్ డామినిక్ పుణ్యమా అని. సామీ జేన్ వచ్చినప్పుడు మాత్రం డోమ్ పైకప్పు లేచిపోతుందేమో అనిపించింది. సిరియా మూలాలున్న కెనడా మనిషి, అక్కడి పిల్లలకు అతను ఇంటివాడే. ఆడవాళ్ల మ్యాచ్‌లకు ఒళ్లంతా కప్పే దుస్తులు, సౌదీలో అదే పద్ధతి. ఆటలో వేగం ఏం తగ్గలేదు. నయా జాక్స్ క్వీన్ అయింది. చివర్లో లోగన్ పాల్ మీద కోడీ రోడ్స్ గెలిచాడు. మంచి మ్యాచే కానీ, అప్పటికే నా మనసు ముందు మ్యాచ్ దగ్గర ఆగిపోయింది.

ఎందుకంటే గుంథర్, ఆర్టన్ ఫైనల్ ముగిసిన తీరు నాకు కనిపించలేదు. ఆర్టన్ తన ఫినిషింగ్ దెబ్బ ఆర్‌కేఓ కోసం ఎగరగానే ముందు వరుసలన్నీ లేచి నిలబడ్డాయి. నేనూ లేచాను. ఎదురుగా ఒక పిల్లాడు, వాళ్ల నాన్న భుజాల మీద. గంట మోగింది. చూస్తే గుంథర్ చేతులు ఎత్తి నిలబడి ఉన్నాడు. పెషావర్ పెద్దాయన కూడా "క్యా హువా?" అన్నాడు.

జవాబు జగిత్యాల నుంచి వచ్చింది. మా మేనల్లుడు ఇంట్లో టీవీ ముందు కూర్చుని వాయిస్ మెసేజ్ పెట్టాడు: "మామా, మోసం మామా! ఆర్టన్ భుజం లేచే ఉంది, రెఫరీ సూడలే. నువ్వు ఆడ్నే ఉన్నవ్ గద, అర్వలేదా?" రెండు భుజాలూ చాపకు ఆని ఉంటేనే రెఫరీ మూడు లెక్కపెట్టి గెలుపు ఇవ్వాలి మరి.

బయటికి రావడమే పెద్ద కుస్తీ. ట్యాక్సీ యాప్‌లో ధర మూడింతలు అయింది. కారు మేము దూరంగా ఒక సందులో ఆపాం కాబట్టి బతికిపోయాం. షో చూసి అటే రియాద్‌కు కారు నడుపుదామని ఎవరూ అనుకోవద్దు, ఆ నిద్రమత్తు మంచిది కాదు. ఆదివారం సెలవు దొరికిన ఇద్దరు కారుతో జెద్దాలోనే ఉండిపోయారు, బలద్ అనే పాత ఊళ్లో పగడపు రాతి ఇళ్లు, చెక్క కిటికీలు తీరిగ్గా చూసుకుని వచ్చారు. నేనూ, పాలమూరు తమ్ముడూ తెల్లవారుజాము విమానం పట్టుకున్నాం. గురువారం ధరతో పోలిస్తే బాగా చౌక. ఎయిర్‌పోర్ట్ ఒకటో టెర్మినల్‌లో పెద్ద అక్వేరియం ఉంది, దాని ముందు బెంచీ మీద గంట కునుకు తీశాం.

ఏడింటికి డ్యూటీలో ఉన్నాను. పదకొండుకు మేనల్లుడి నుంచి ఫొటో వచ్చింది. టీవీ తెరను ఫోన్‌తో తీసి, ఆర్టన్ భుజానికీ చాపకూ మధ్య ఉన్న సందు చుట్టూ ఎర్రగా గుండ్రం గీశాడు.