జోరో (1957–59): ఏళ్ల తరబడి చూస్తూనే ఉన్నాక రాస్తున్న సమీక్ష

ముందే చెప్పేస్తున్నా, ఇది 1998లో వచ్చిన ఆంటోనియో బాండెరాస్ సినిమా గురించి కాదు, 1990లో మొదలైన డంకన్ రెగర్ సీరియల్ గురించి కూడా కాదు. డిస్నీ వాళ్లు 1957 అక్టోబర్‌లో అమెరికాలో ఏబీసీ ఛానల్లో మొదలుపెట్టిన బ్లాక్ అండ్ వైట్ సీరియల్ జోరో గురించి, ముసుగు వేసుకుని కత్తితో జనం కోసం పోరాడే వీరుడి కథ. హీరో గై విలియమ్స్. అరగంట ఎపిసోడ్లు, సీజన్‌కి 39 చొప్పున రెండు సీజన్లు, మొత్తం 78. ఆ తర్వాత 1960, 61లో గంట నిడివి స్పెషల్స్ నాలుగు. అక్కడితో సరి. 2009లో రేకు డబ్బాల్లో వచ్చిన డీవీడీ సెట్లు రెండూ నా దగ్గర ఉన్నాయి, అమెరికాలో ఉండే మా అన్నయ్య తెచ్చాడు, పదేళ్లు దాటిపోయింది, అప్పట్నుంచి ఏదో ఒక సాయంత్రం ఏదో ఒక డిస్క్ పెడుతూనే ఉన్నాం ఇంట్లో. కొన్ని ఎపిసోడ్లు పిల్లలకి డైలాగులతో సహా వచ్చేశాయి. కాబట్టి ఒకసారి చూసి రాసే రివ్యూ కాదు ఇది.

జోరో అనగానే అందరూ కత్తి, నల్ల గుర్రం, గోడ మీద గీసే ఆ Z అక్షరం గురించే మాట్లాడతారు. అవన్నీ బాగుంటాయి, కాదనను. కానీ ఇన్నేళ్లు చూశాక నన్ను ఇంకా కూర్చోబెట్టేది ముసుగు తీసేశాక మిగిలే డాన్ డియెగో. గై విలియమ్స్ గొప్పతనమంతా అక్కడే ఉంది. జోరో వేషం వేసుకుని దూకడానికి, గుర్రం మీద దౌడు తీయడానికి బడ్డీ వాన్ హార్న్ అనే డూప్ ఉన్నాడు, డియెగోకి మాత్రం ఎవరూ డూప్ లేరు కదా.

కథ 1820లో, అప్పటికింకా స్పెయిన్ చేతిలో ఉన్న కాలిఫోర్నియాలో, లాస్ ఏంజెలెస్ అనే చిన్న ఊళ్లో. స్పెయిన్‌లో చదువుకుంటున్న డియెగోని తండ్రి డాన్ అలెహాండ్రో వెనక్కి రమ్మంటాడు, ఊళ్లో కమాండర్ కెప్టెన్ మొనాస్టారియో జనాన్ని పీడిస్తున్నాడు. కొడుకు వస్తే ఎదురు తిరుగుతాడని ముసలాయన ఆశ. డియెగో ఇంకా ఓడలో ఉండగానే తేల్చేసుకుంటాడు, ఒక్కడు ఎదురెళ్లి సైన్యంతో గెలవలేడు, అందుకని తను పుస్తకాల పురుగులా, కత్తంటేనే భయపడే మెతక మనిషిలా కనపడాలి అని. కత్తియుద్ధంలో గెల్చుకున్న బహుమతులన్నీ వదిలించుకుంటాడు. మాటలు రాని పనివాడు బెర్నార్డో కూడా నాకు చెవులు కూడా వినపడవన్నట్టు నటిస్తా, అప్పుడు అందరూ నా ముందే అన్నీ మాట్లాడేసుకుంటారు అని సైగలతో చెప్తాడు. మొదటి ఎపిసోడ్ మొదటి పది నిమిషాల్లోనే సీరియల్ మొత్తానికి పునాది వేసేశారు, ఇంత తక్కువ టైంలో ఇంత శుభ్రంగా కథ ఎత్తుకున్న సీరియల్ నేనైతే ఇంకోటి చూడలేదు.

ఇక్కడ తండ్రి ముఖం చూడాలి. ఎన్నో ఏళ్ల తర్వాత ఇంటికొచ్చిన కొడుకు, ఊరు ఇలా తగలబడుతుంటే, గవర్నర్‌కి ఒక ఉత్తరం రాద్దామా నాన్నా అంటాడు. తండ్రిగా చేసిన జార్జ్ జె. లూయిస్ ఆ సీన్‌లో కోపం తక్కువ, దిగులు ఎక్కువ చూపిస్తాడు. ఎదురుగా కొడుకు తల దించుకుని నిలబడతాడు, చెప్పలేడు, చెప్తే తండ్రి ప్రాణానికే ముప్పు. ఆ రెండు మూడు క్షణాల్లో గై విలియమ్స్ కళ్లలో నవ్వు ఆరిపోవడం చూడండి. రాత్రి ఊరంతా మెచ్చుకునే పని చేసి, పొద్దున టిఫిన్ దగ్గర కన్నతండ్రి చేత చేతకానివాడు అనిపించుకోవడం, అది కూడా రోజూ. దెబ్బలు తగిలే ఫైట్లకన్నా ఇదే నాకు పెద్ద సాహసం అనిపిస్తుంది.

(ఇంకా చూడనివాళ్లు ఈ పేరా వదిలేయండి.) రెండో సీజన్లో జోరోకి క్షమాభిక్ష ఇస్తామని ప్రకటన వస్తుంది, డియెగో ఇక ముసుగు తీసేద్దామనే అనుకుంటాడు, అప్పుడు తండ్రి బయటపెడతాడు, నువ్వే జోరో అని నాకు ఎప్పట్నుంచో తెలుసురా అని. తెలిసి కూడా ముసలాయన కొడుకు నాటకానికి తోడుగా తనూ నాటకం ఆడాడన్నమాట. ఇది తెలిశాక వెనక్కెళ్లి పాత ఎపిసోడ్లు మళ్లీ చూస్తే కొన్ని చోట్ల ఆయన కసురుకోవడం వేరేగా వినపడుతుంది. మా ఇంట్లో దీని మీద పెద్ద చర్చే నడుస్తుంటుంది, ఎక్కడ తెలిసి ఉంటుంది అని. మొదటి సీజన్లోనే అనుమానం వచ్చిందని మా అబ్బాయి, కాదు ఇంకా చాలా తర్వాతే అని మా ఆవిడ. ఇద్దరిదీ గట్టి వాదనే.

సార్జెంట్ గార్సియా గురించి రాయకపోతే పాపం తగులుతుంది. ఊళ్లో కమాండర్ కింద పనిచేసే సైనికుడు, వేసింది హెన్రీ కాల్విన్. భారీ మనిషి, సత్రంలో వైన్ కనపడితే చాలు, జేబులో మాత్రం ఎప్పుడూ డబ్బులుండవు, ఆ బిల్లు డియెగోనే కడుతుంటాడు. కాల్విన్ స్టేజి మీద పాడే గాయకుడు కాబట్టి పాట వచ్చినప్పుడు ఒక్కసారిగా ఆ గొంతు హాలంతా నిండిపోతుంది. మామూలుగా అయితే ఇలాంటి క్యారెక్టర్‌ని విలన్ పక్కన వెకిలి జోకర్‌గా పెట్టేస్తారు. వీళ్లు అలా వదిలెయ్యలేదు. గార్సియా పాపం డ్యూటీ చేస్తాడు, జోరోని పట్టుకుంటే వచ్చే బహుమతి డబ్బు మీద ఆశ కూడా ఉంది, కానీ అన్యాయం జరుగుతుంటే అతని మనసు ఒప్పుకోదు, డియెగో అంటే నిజంగా ప్రేమ. తన ప్రాణస్నేహితుడినే తను వెంటాడుతున్నాడని అతనికి తెలీదు, మనకి తెలుసు. బెర్నార్డోగా చేసిన జీన్ షెల్డన్ మాట లేకుండా చేతులతో, కనుబొమ్మలతో కథ చెప్పేస్తాడు, మా చిన్నదానికి ఇంగ్లిష్ సరిగా రాని వయసులో ఎపిసోడ్ అర్థమైంది ఆయన వల్లే.

ఇక కత్తుల సంగతి. ఫైట్లు కంపోజ్ చేసింది ఫ్రెడ్ కావెన్స్, బెల్జియం నుంచి వచ్చిన మాస్టర్, మూకీల కాలం నుంచి హాలీవుడ్‌లో కత్తియుద్ధాలు నేర్పిన మనిషి. మొనాస్టారియోగా చేసిన బ్రిట్ లోమండ్ పోటీల్లో పాల్గొన్న ఫెన్సర్. అందుకే వీళ్లిద్దరి మధ్య ఫైట్ వస్తే కెమెరా దూరం పారిపోదు, ముఖాలు కనపడుతూనే ఉంటాయి, పాదాలు ఎటు కదులుతున్నాయో తెలుస్తుంది, ఎవరు ఎందుకు వెనక్కి తగ్గారో మనకే అర్థమైపోతుంది. మన జానపద సినిమాలు చూసి పెరిగినవాళ్లకి ఇది ఇంకా బాగా పడుతుంది. కత్తి కాంతారావు గారు పుట్టింది 1923 నవంబర్, గై విలియమ్స్ పుట్టింది 1924 జనవరి, ఒకే ఈడు వాళ్లు, ఒకరు కోదాడ దగ్గర పల్లెటూరు, ఇంకొకరు న్యూయార్క్‌లో ఇటలీ నుంచి వచ్చిన కుటుంబం. ఇద్దరూ కత్తి పట్టుకుంటే మణికట్టు అలవోకగా తిరుగుతుంది, బలవంతం కనపడదు. కాంతారావు గారి అభిమాని అయిన మా నాన్నగారు ఈ జోరోని చూసి వీడు మనవాడేరా అన్నారు.

ఏ సీజన్ బాగుంది అనే గొడవ ఎప్పుడూ ఉండేదే. నా మాట ఏంటంటే మొదటి 13 ఎపిసోడ్లు, అంటే మొనాస్టారియో కథ, వంక పెట్టడానికి లేదు. డియెగోనే జోరో అని మొనాస్టారియో కనిపెట్టేస్తాడు, కానీ ఊళ్లో ఒక్కడూ నమ్మడు, విలన్ చెప్పేది నిజం, హీరో చెప్పేది అబద్ధం, మనం మాత్రం హీరో వైపే ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటాం. ఆ తర్వాత ఈగిల్ అనే రహస్య కుట్రదారు కథ, వాళ్ల మనుషులు గద్ద ఈక చూపించి ఒకరినొకరు గుర్తుపడుతుంటారు, పిల్లలకి తెగ నచ్చుతుంది కానీ సాగదీశారు. అయినా 1950ల్లో ఇలా ఒకే కథని వారాల తరబడి నడపడం మామూలు విషయం కాదు. రెండో సీజన్ కాలిఫోర్నియాలోనే ఉన్న మాంటెరే అనే ఇంకో ఊళ్లో మొదలవుతుంది, అక్కడ అన్నా మరియాగా జోలీన్ బ్రాండ్, డియెగోకి ఆమె ఇష్టం, ఆమెకేమో జోరో ఇష్టం, ఆ ట్రాక్ బాగుంది. తర్వాత చిన్న చిన్న కథలైపోయి కాస్త పల్చబడింది. సీజర్ రొమేరో మోసగాడు మావయ్యగా వచ్చే ఎపిసోడ్లు మాత్రం వదలకండి.

మరి ఇంత బాగుంటే ఎందుకు ఆపేశారు అని ప్రతి ఒక్కళ్లూ అడుగుతారు. జనం చూడక కాదు, బాగా చూస్తున్నారు. డిస్నీకీ ఏబీసీకీ గొడవ వచ్చింది, ఈ సీరియల్ ఎవరి సొంతం, ఎవరికి ఎంత లాభం అని. డిస్నీ వేరే ఛానల్‌కి తీసుకెళ్తామంటే ఏబీసీ ఒప్పుకోలేదు, కోర్టుకెళ్లారు, 1959 జులైలో ఎపిసోడ్లు ఆగిపోయాయి. ఆ లిటిగేషన్ నడిచినన్నాళ్లూ గై విలియమ్స్‌కి జీతం ఇస్తూనే ఉన్నారు, మనిషిని వదులుకోలేదు, ఆ నాలుగు స్పెషల్స్ అలా వచ్చినవే. గొడవ సర్దుకునేసరికి జనం ఆసక్తి చల్లారిందనుకుని డిస్నీ వాళ్లే మళ్లీ మొదలుపెట్టలేదు. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది ఇక్కడే. తండ్రీ కొడుకులు నిజం తెలుసుకున్నాక వాళ్లిద్దరూ కలిసి ఏం చేసేవాళ్లో చూపించే సీజన్ ఒకటి ఉండాల్సింది, అన్నా మరియా కథ అలా గాల్లో ఉండిపోయింది, గార్సియాకి నిజం ఎప్పటికైనా తెలుస్తుందా లేదా. ఇవన్నీ కాంట్రాక్ట్ కాగితాల కింద పడి నలిగిపోయాయి.

తర్వాత గై విలియమ్స్ 1965 నుంచి మూడేళ్లు లాస్ట్ ఇన్ స్పేస్ అనే సీరియల్లో చేశాడు, అక్కడ రోబో, డాక్టర్ స్మిత్ ముందుకొచ్చి ఈయన పాత్ర పక్కకెళ్లిపోయింది. 1973లో అర్జెంటీనా వెళ్తే అక్కడ జనం విరగబడ్డారు, సీరియల్ ఆగిన ఇన్నేళ్లకి కూడా. ఆ దేశం నచ్చి చివరికి బ్యూనస్ ఏరిస్‌లోనే ఉండిపోయాడు, 1989లో అక్కడే పోయాడు. అర్జెంటీనాలో ఛానల్ 13 దశాబ్దాల పాటు ఈ సీరియల్ వేస్తూనే వచ్చింది. సొంత ఊళ్లో ఆపేసిన సీరియల్‌ని ఇంకో దేశం కడుపులో పెట్టుకుంది, ఒక అభిమానిగా నాకు దీనికి మించిన సంతోషం లేదు.

లోపాలు కూడా చెప్పాలి. రాత్రి సీన్లు పట్టపగలు తీసి ఫిల్టర్ పెట్టారు, నీడలు నేల మీద చక్కగా కనపడుతుంటాయి. అక్కడి మూలవాసులని ఎప్పుడూ కాపాడబడేవాళ్లుగానే చూపించారు తప్ప వాళ్లకంటూ కథ ఇవ్వలేదు, ఇవాళ పిల్లలతో చూస్తుంటే ఇది నాకు ఇబ్బందిగానే ఉంటుంది, ఆపి మాట్లాడతాను. ఆడవాళ్ల పాత్రలు తక్కువ. దూరం షాట్‌లో డూప్ తెలిసిపోతాడు, అది నాకు పెద్ద పట్టింపు కాదు.

కొనేవాళ్లకి రెండు ముక్కలు. ఆ డీవీడీలు అమెరికా రీజియన్‌వి, మన దగ్గర మామూలు ప్లేయర్లో ఆడవు, రీజియన్ లాక్ లేనిది కావాలి. ప్రింట్ చాలా శుభ్రంగా ఉంది, పీటర్ ఎలెన్‌షా అనే చిత్రకారుడు అద్దాల మీద గీసిన ఊరు, కొండలు అసలు సెట్‌తో ఎక్కడ కలిశాయో ఇప్పటికీ నాకు దొరకదు. డబ్బాలు సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతున్నాయి, రేటు బాగా ఎక్కువ, కొనేముందు డిస్కుల ఫొటోలు అడగండి. మా ఫ్రెండ్ ఒకడికి ఒక అమ్మకందారు గీతలు పడ్డ డిస్కులు పంపాడు, డబ్బులు వెనక్కి రావడానికి నెలలు పట్టింది. రంగులు వేసిన వెర్షన్ ఒకటి 1992లో వచ్చింది, పిల్లలు మొదట అదే కావాలంటారు, దాంతో మొదలుపెట్టినా తప్పులేదు కానీ నల్ల గుర్రం, నల్ల కేప్, తెల్ల గోడలు, ఇవన్నీ బ్లాక్ అండ్ వైట్ కోసం ఆలోచించి తీసినవి.

నా రేటింగ్ అయిదుకి నాలుగున్నర, ఆ అర ఈగిల్ కథ సాగతీతకి తీసేశా. కొత్తవాళ్లు మొదటి 13 ఎపిసోడ్లు వరసగా చూడండి, మధ్యలో దూకొద్దు, అది ఒక పూర్తి కథ. నచ్చితే మాంటెరే ఎపిసోడ్లకి వెళ్లిపోండి, ఈగిల్ కథ తర్వాతైనా చూడొచ్చు. తండ్రి ఉన్న సీన్లు మాత్రం ఫోన్ పక్కన పెట్టి చూడండి.