కోడ్ చూపించలేదు, జబ్బు పట్టించింది: చవక ఓబీడీ స్కానర్‌తో నా అనుభవం

ఓబీడీ అంటే కారు కంప్యూటర్ తనను తాను పరీక్షించుకునే ఏర్పాటు; దాని పోర్టులో గుచ్చితే ఆ వివరాలు ఫోన్‌లో చూపించేదే ఈ బ్లూటూత్ స్కానర్. దీన్ని ఎక్కడ గుచ్చాలో, ఏ యాప్ వేసుకోవాలో చెప్పే వీడియోలు కోకొల్లలు. నేను చెప్పదలుచుకున్నది ఇందులోని లైవ్ డేటా, అంటే ఇంజిన్ నడుస్తుండగా కనబడే అంకెల గురించి మాత్రమే. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండేది ఫాల్ట్ కోడ్ల (లోపం దొరికితే కారు కంప్యూటర్ రాసిపెట్టుకునే గుర్తుల) సంగతి. నాకు అవసరం పడినప్పుడు అది చదివిన కోడ్లు సున్నా.

నాది వారంటీ దాటిన పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. కిందటేడు ఎండాకాలంలో దానికో వింత రోగం పట్టుకుంది. పొద్దున్నే సెల్ఫ్ కొడితే చక్కగా అందుకునేది. బంకులో ఫుల్ ట్యాంక్ కొట్టించి తాళం తిప్పితే మాత్రం సెల్ఫ్ తిరుగుతూనే ఉండేది, ఇంజిన్ అందుకునేది కాదు. ఎలాగో అందుకున్నా పచ్చి పెట్రోలు వాసన కొడుతూ కాసేపు కుంటి, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు నడిచేది. విజయవాడ దారిలో సూర్యాపేట దగ్గర బంకులో ఇలాగే ఆగిపోయింది. వెనక బండ్లవాళ్లు హారన్లు, లోపల ఇంట్లోవాళ్ల సణుగుడు. చివరికి బంకు కుర్రాళ్లే పక్కకు నెట్టారు. అప్పట్నుంచి పెట్రోలు ముల్లు కిందికి దిగుతుంటేనే టెన్షన్.

షెడ్డుకు తీసుకెళ్లేసరికి బండి బుద్ధిగా స్టార్టయ్యేది. ముందు కల్తీ పెట్రోలు అన్నారు, బంకు మార్చాను. తర్వాత స్పార్క్ ప్లగ్గులు మార్చారు. ఆ తర్వాత ఫ్యూయెల్ పంపు పోయిందన్నారు. ఇది మాత్రం నాకు మింగుడుపడలేదు. పంపు నీరసిస్తే ఇంజిన్‌కు పెట్రోలు చాలకపోవాలి, ఇక్కడ వాసన చూస్తే ఎక్కువైనట్టుంది. పైగా పంపు పాడైతే ట్యాంకు నిండినప్పుడే మొరాయించడం ఏమిటి?

తర్వాతిసారి ఫుల్ కొట్టించి, తంటాలు పడి స్టార్ట్ చేసి, బంకు బయటికి తెచ్చి పక్కన ఆపాను. ఇంజిన్ ఆపకుండా యాప్‌లో షార్ట్ టర్మ్ ఫ్యూయెల్ ట్రిమ్ తెరిచాను. పొగలో ఆక్సిజన్ ఎంతుందో సెన్సర్ చెప్పేదాన్ని బట్టి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) పెట్రోలు ఎంత పెంచుతోందో, ఎంత కోస్తోందో చూపించే అంకె అది. మంచి బండిలో సున్నాకు అటూ ఇటూ ఐదారు శాతం దగ్గర ఆడుతూ ఉంటుంది. నా తెరమీద మైనస్ 22. అంటే ఈసీయూ అయిదో వంతుకు పైగా పెట్రోలు కోసేస్తోంది. ఆ మిగులు పెట్రోలు ఎక్కణ్నుంచి వస్తోంది?

ట్యాంకులో పుట్టే ఆవిరి బయటికి పోకుండా చార్‌కోల్ క్యానిస్టర్ పట్టి ఉంచుతుంది. ఇంజిన్ వేడెక్కాక పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఆ ఆవిరిని ఇంజిన్‌లోకి వదులుతుంది, మిగతా వేళల్లో మూసుకుని ఉండాలి. పెట్రోలు పోస్తున్నప్పుడు ట్యాంకులోని ఆవిరంతా ఒక్కసారి క్యానిస్టర్ వైపు నెట్టుకొస్తుంది. వాల్వ్ సరిగ్గా మూసుకోకపోతే నేరుగా ఇంజిన్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. అందుకే ఆ ముక్కడం, ఆ వాసన.

బానెట్ ఎత్తి, వాల్వ్ నుంచి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టానికి) వెళ్లే సన్నటి రబ్బరు పైపును గుడ్డతో పట్టుకుని నొక్కాను. అంకె మైనస్ 22 నుంచి మైనస్ 15, మైనస్ 8, అలా పాక్కుంటూ సున్నా దాకా వచ్చింది. పైపు వదిలితే మళ్లీ కిందికి. ఆ గీత పైకెక్కుతుంటే కలిగిన ఆనందం చెప్పనలవి కాదు! ఇంటికొచ్చి వాల్వ్ ఊడదీసి నోటితో ఊదితే గాలి దూరిపోయింది. కరెంటు కనెక్షన్ లేనప్పుడు అది బిగుసుకుని ఉండాలి. కొత్తది వేయించాక ఫుల్ ట్యాంక్ కొట్టించినా ట్రిమ్ సున్నా దగ్గరే ఉంటోంది, పంపు జోలికి వెళ్లనేలేదు.

మరి కోడ్ ఎందుకు రాలేదంటే, మిశ్రమం రిచ్ అయిందని, అంటే గాలికి తగ్గ దానికన్నా పెట్రోలు ఎక్కువైందని చెప్పే పీ0172 లాంటివి పడాలంటే తేడా కొంతసేపు నిలవాలి, సాధారణంగా వరసగా రెండు ప్రయాణాల్లో కనబడాలి. నా బండిలో ఆవిరి ఆలోపే కాలిపోయేది.

ఇదే ఇబ్బంది ఉండి ఇంకా షెడ్డుకు వెళ్లనివాళ్లు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టి చూడండి. చాలా ఇంజెక్షన్ బండ్లలో అప్పుడు ఇంజెక్టర్లు ఆగి, ఉన్న ఆవిరి బయటికి పోతుంది. అందుకోగానే కాలు తీసేయాలి. ట్యాంకు నిండి బంకు గన్ను ఆటో కట్ అయ్యాక "రౌండ్ ఫిగర్ చేసేదా సార్" అంటే వద్దనండి. పొంగిన పెట్రోలు క్యానిస్టర్‌లోకి దిగితే అదింకో ఖర్చు.

ఇంతా పొగిడానని స్కానరే జబ్బు కనిపెట్టిందనుకోవద్దు. అది అంకె చూపిస్తుంది, అంతే. వాల్వ్‌ను ఫోన్ నుంచే తెరిచి మూసి పరీక్షించాలంటే ఖరీదైన స్కానర్లు ఉండాలి. నాది ఈఎల్‌ఎం327 అనే స్కానర్ చిప్‌కు నకలు, బజార్లో చవగ్గా దొరికేవి దాదాపు అన్నీ అవే. బ్లూటూత్ మధ్యమధ్యలో తెగుతుంది, అంకెలు కాస్త ఆలస్యంగా మారతాయి, మా బావమరిది పాత కారులో అసలు కనెక్టే కాలేదు. తాళం తీసేసినా ఆ పోర్టుకు కరెంటు వస్తూనే ఉంటుంది, రోజుల తరబడి గుచ్చి వదిలేస్తే బ్యాటరీ దిగిపోవచ్చు. నేను వాడి తీసి డ్యాష్‌బోర్డు అరలో పెట్టేస్తాను.

పెట్రోలు బండి, వారంటీ అయిపోయింది, బానెట్ ఎత్తే ఓపిక ఉంది కాబట్టి నాకు గిట్టుబాటైంది. వారంటీలో ఉంటే నేరుగా సర్వీస్ సెంటర్‌కే తోలుకెళ్లండి, పైపుల మీద చేయి వేయొద్దు. డీజిల్ బండివాళ్లకు ఈ ట్రిమ్ అంకెతో పనే లేదు, దీని కోసమే అయితే కొనొద్దనే చెబుతాను.