కుక్కపిల్లకు ట్రైనింగ్: హైదరాబాద్ పంపాలా, ఇంట్లోనే నేర్పాలా?

కర్నూలులో లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ కుక్కపిల్లల్ని తెచ్చుకున్న చాలా ఇళ్లలో వచ్చే చర్చే ఇది. హైదరాబాద్‌లో ఏదో ఒక సెంటర్‌లో నెలో రెండు నెలలో వదలాలా, ట్రైనర్‌ని ఇంటికి పిలవాలా, మనమే నేర్పుకోవాలా?

నా ఓటు ఇంటికే. పిల్ల చిన్నదైతే అసలు సందేహమే వద్దు.

సెంటర్‌తో సుఖం ఉంది, కాదనను. భార్యాభర్తలిద్దరూ డ్యూటీలకు పోయే ఇంట్లో టైమ్ దొరకడం కష్టమే. కానీ ఒకచోట, ఒక మనిషి దగ్గర నేర్చుకున్నది కుక్క ఇంకోచోట దానంతటదే పాటించదు. అక్కడ ‘సిట్’ అంటే టక్కున కూర్చున్నది, ఇక్కడ అవ్వ ‘కూచో’ అంటే మొహం చూస్తూ నిలబడుతుంది. మళ్లీ మొదటి నుంచి మనమే చెప్పుకోవాలి. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇంకోటి. అక్కడ గొలుసు గుంజి, కొట్టి నేర్పినా మనకు తెలియదు. అలా బెదిరిన కుక్క ఒకరోజు ఆ భయంతోనే కరవొచ్చు. చిన్నపిల్లలున్న ఇంట్లో అంత రిస్క్ ఎందుకు?

ఇంట్లో నేర్పడానికి కావాల్సింది ఉడికించిన చికెన్, ఉప్పూ కారం లేకుండా, గోరంత ముక్కలు. చెప్పింది చేసిన క్షణంలోనే నోటికి అందాలి. ఆలస్యమైతే ఎందుకిచ్చారో దానికి అర్థం కాదు. ఒకసారికి ఐదు నిమిషాలు చాలు, రోజుకు రెండు మూడుసార్లు. ఇంట్లో అందరిదీ ఒకటే మాట కావాలి: నాన్న ‘కమ్’, అమ్మ ‘దా’ అంటే పాపం అదేం చేస్తుంది? ముందు పిలిస్తే రావడం నేర్పండి. ఎంత ఆలస్యంగా వచ్చినా తిట్టొద్దు, తిడితే రెండోసారి రాదు.

టీకాలు పూర్తికాక ముందు వీధిలో నేల మీద దించొద్దు, చంకనెత్తుకుని ఆటోలు, జనం, కుక్కలు చూపించండి. మూడు నెలలు నిండేదాకా చూసినవాటికి తొందరగా అలవాటు పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కదా, తారు రోడ్డు మీద అరచేతి వెనక భాగం ఐదు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ కాలతాయి. తెల్లవారుజామునే తిప్పండి.

పెద్దదై మనిషిని లాక్కుపోతున్నా, వీధికుక్కల మీదికి ఉరుకుతున్నా ఇంటికొచ్చే ట్రైనరే మేలు. అయితే ముందే అడగండి: తిండి పెట్టి నేర్పుతాడా, గొలుసుతోనా? మనల్ని పక్కన నిలబెట్టి మనచేతే చేయిస్తాడా? కుక్కను ఒక్కదాన్నే బయటికి తీసుకెళ్లి గంటకు తెచ్చి అప్పగించేవాడైతే వద్దు. ఉన్నట్టుండి గుర్రుమనడం, కరవడం మొదలైతే మాత్రం ట్రైనర్ కన్నా ముందు పశువుల డాక్టర్‌కి చూపించండి, ఎక్కడో నొప్పి ఉండి ఉండొచ్చు.