ప్రోటియస్‌లో ఎనిమిది రిలేల బోర్డు: అమ్మీటర్ ఒక్కటి చాలు

సర్క్యూట్‌ను కంప్యూటర్లోనే గీసి నడిపి చూసే సాఫ్ట్‌వేర్ ప్రోటియస్. అందులో ఆర్డుయినో (మనం రాసిన కోడ్‌ను నడిపే చిన్న కంట్రోలర్ బోర్డు) పెట్టి ఎల్‌ఈడీ వెలిగించడం ఎలాగో చెప్పే వీడియోలు తెలుగులోనే బోలెడు ఉన్నాయి కాబట్టి వాటి జోలికి పోను. కొన్నేళ్లుగా నేను దాన్ని ఎక్కువగా వాడేది ఒకే పనికి. నెల్లూరు చుట్టుపక్కల రొయ్యల గుంటలకు ఏరియేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) ప్యానెళ్లు కడతాను, మొరాయించినవి బాగుచేస్తాను. వాటిలో ఎనిమిది చానెళ్ల రిలే బోర్డు దాదాపు ప్రతిదాంట్లో ఉంటుంది. రిలే అంటే లోపలి తీగచుట్టకు (కాయిల్‌కు) కరెంటు ఇస్తే ఆన్ అయ్యే స్విచ్చు; అలా ఆన్ అవడాన్నే రిలే పడటం అంటాం. బోర్డు గుంట దగ్గరికి వెళ్లకముందే కంప్యూటర్లో ఆడించి చూసుకోవడం, అక్కడ తేడా చేస్తే తిరిగొచ్చి మళ్లీ కంప్యూటర్లో వెతకడం, ఇదీ నా వాడకం. ఇన్నాళ్లలో నాకు అన్నిటికన్నా అక్కరకొచ్చింది తీగ మధ్యలో పెట్టి కరెంటు కొలిచే మామూలు డీసీ అమ్మీటర్. ఈ సమీక్ష అంతా దాని గురించే అనుకున్నా ఫర్వాలేదు.

రిలే బోర్డును ప్రోటియస్‌లో పెట్టడానికి రెండు దార్లున్నాయి. ఎవరో తయారుచేసి ఇంటర్నెట్‌లో ఉంచిన లైబ్రరీ దించుకుని వాడటం ఒకటి. నీలం రిలేలు, ఆకుపచ్చ టెర్మినళ్లు, వరసగా పిన్నులు, అంతా చేతిలో ఉన్న బోర్డు లాగానే కనిపిస్తుంది. పెట్టడం రెండు నిమిషాల పని. లోపలి భాగాలన్నీ మనమే పేర్చుకోవడం రెండో దారి: ఆప్టోకప్లర్, ట్రాన్సిస్టర్, డయోడ్, రిలే, ఇలా ఎనిమిదిసార్లు. దానికి ఒక సాయంత్రం పోతుంది. చాలాకాలం నేను మొదటి దారిలోనే వెళ్లాను. అడిగినవాళ్లకూ అదే చెప్పాను. కోడ్ సరిచూసుకోవడానికి అది నిజంగా బాగుంటుంది. ఏ పిన్ను ఏ రిలేకు వెళ్తోంది, పిన్ను 'లో' (సున్నా వోల్టులు) అయినప్పుడు రిలే పడుతోందా, 'హై' (5 వోల్టులు) అయినప్పుడు వదులుతోందా, అన్నీ కళ్లెదుట కనిపిస్తాయి. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కాకపోతే దానికి ఒక హద్దుంది. అది తెలిసింది మైపాడు దారిలో ఒక గుంట దగ్గర.

ఇందుకూరుపేట మండలంలో ఒక రైతుకు ఎవరో ప్యానెల్ కట్టి వెళ్లారు. ఎనిమిది ఏరియేటర్లు, ఒక్కోటి రెండు హార్స్‌పవర్ మోటారు. అన్నీ ఒకేసారి మొదలైతే కరెంటు మామూలుకు ఐదారు రెట్లు లాగుతుంది కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో కాసేపు ఆగి, మొదలయ్యేలా పెట్టారు. ఆలోచన మంచిదే. పగలు మూడు నాలుగే తిప్పుతారు, ఏ గొడవా లేదు. రాత్రి ఎనిమిదీ తిప్పితే మాత్రం అర్ధరాత్రి దాటాక ప్యానెల్ దానంతటది అన్నీ ఆపేస్తుంది. మళ్లీ అన్నిటినీ ఒక్కసారిగా లాగుతుంది, వెంటనే వదిలేస్తుంది, తర్వాత ఒకటి రెండు అని మొదట్నించీ లెక్కపెట్టుకుంటూ వస్తుంది. కరెంటు పోయి జనరేటర్ మీద ఉన్నప్పుడు ఇలా జరిగితే ఇంజను మూలిగి ఆగిపోవడమే.

రొయ్యల రైతుకు ఇది ఎంత టెన్షనో గుంట గట్టు మీద ఒక్క రాత్రి ఉంటే తెలుస్తుంది. చీకటి పడ్డాక నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతూ వస్తుంది, తెల్లవారుజాముకు అన్నిటికన్నా కిందికి పోతుంది. సరిగ్గా ఆ వేళకే ఏరియేటర్లు ఆగితే పంట మొత్తం మీదకు వస్తుంది. ఆయన ప్యానెల్ పక్కనే మంచం వేసుకుని పడుకుంటున్నాడు.

"ఎప్పట్నించి ఇట్ట చేస్తా ఉందన్నా?" అని అడిగాను.

"పెట్టిన కాడ్నించీ అబ్బయ్యా. ఒకటి మాత్రం చూశా. తలుపు తీసిపెడితే బుద్ధిగా ఉంటాది, మూస్తే మొదలుపెడతాది. తీసిపెడదామంటే ఈ ఉప్పుగాలికి అంతా తుప్పే గదా."

ఆయన చెప్పిన ఆ తలుపు మాటే అసలు ఆనవాలు. కోడు, వైరింగు ఫొటోలు తీసుకుని షాపుకొచ్చాను.

మొదట లైబ్రరీ బోర్డుతోనే పెట్టి చూశాను. సగం గుట్టు దాంతోనే బయటపడింది. సిమ్యులేషన్ మొదలుపెట్టగానే ఎనిమిది రిలేలూ ఒక్కసారి పడ్డాయి, రెండు సెకన్లు ఉన్నాయి, వదిలేశాయి. కోడ్ రాసినవాళ్లు ముందు పిన్నులన్నిటినీ అవుట్‌పుట్ చేశారు. తర్వాత డిస్‌ప్లే మీద రెండు సెకన్లు స్వాగతం చూపించారు. ఆ తర్వాత పిన్నులను హై చేశారు. ఆర్డుయినోలో పిన్నును అవుట్‌పుట్ అనగానే అది 'లో'గానే ఉంటుంది. ఈ బోర్డులేమో 'లో' ఇస్తే పనిచేసేవి. అంటే స్వాగతం కనబడే ఆ రెండు సెకన్లూ ఎనిమిది మోటార్లూ ఆన్‌లో ఉన్నట్టే. పిన్నును ముందు హై చేసి, తర్వాత అవుట్‌పుట్ అంటే ఈ బాధ ఉండదు. గుంట దగ్గర చీకట్లో టార్చి పట్టుకుని దీన్ని పట్టుకోవడం చాలా కష్టం. స్క్రీన్ మీద మొదటి క్షణంలోనే కనిపించింది. ఇక్కడివరకు లైబ్రరీ బోర్డుకు నూటికి నూరు మార్కులు.

కానీ అసలు అది రీసెట్ ఎందుకవుతోంది? దీనికి మాత్రం లైబ్రరీ బోర్డు నోరు విప్పలేదు. గంటసేపు నడిపినా రాయిలా కూర్చుంది. అప్పుడు బోర్డుకు వెళ్లే 5 వోల్టుల తీగను తెంపి మధ్యలో అమ్మీటర్ పెట్టాను. రేంజిని మిల్లీఆంపియర్లకు మార్చాను. ఎనిమిది రిలేలూ పడి ఉన్నాయి, లైట్లన్నీ వెలుగుతున్నాయి, అమ్మీటర్లో మాత్రం సున్నా. అప్పుడర్థమైంది. నేను దించుకున్న ఆ బోర్డులో కాయిల్ అన్నదే లేదు. పిన్ను చూసి కాంటాక్టు మార్చే బొమ్మ అది. కరెంటు తాగని రిలే మీద ఎన్ని గంటలు పరీక్ష చేసినా సప్లై సంగతి తెలిసేదేముంది? దాని మీద నాకు కోపం వచ్చిన మాట నిజం. పైకి అంత అచ్చంగా ఉన్నది లోపల కూడా అంతే ఉంటుందని చూసేవాళ్లు అనుకుంటారు. కరెంటు లెక్క రాదు అని ఒక్క ముక్క రాసి ఉంచితే చాలు, ఎంతోమందికి మేలయ్యేది.

ఇక రెండో దారి పట్టాను. ప్రోటియస్‌లో ఉండే సాదా రిలే 12 వోల్టుల కాయిల్‌తో వస్తుంది. దాన్ని 5 చేసి, కాయిల్ రెసిస్టెన్స్ 70 ఓమ్‌లు ఇచ్చాను. బోర్డుల మీద ఉండే 5 వోల్టుల నీలం రిలేకు డేటాషీట్‌లో ఉన్న విలువ అదే. ఒక చానెల్‌ను సబ్‌సర్క్యూట్‌గా గీసుకుంటే మిగతా ఏడూ కాపీలే కాబట్టి అనుకున్నంత శ్రమ లేదు. ఒక్కచోట విసిగించింది. కాయిల్ వైపు సప్లైని జంపర్ (రెండు వైపుల సప్లైని కలిపే చిన్న క్లిప్పు) తీసి విడగొట్టి చూద్దామంటే, అటువైపు గ్రౌండ్‌తో ఏ సంబంధమూ లేక సిమ్యులేషన్ మొదలవలేదు. ఆ వైపు మైనస్ నుంచి గ్రౌండ్‌కు 10 మెగాఓమ్‌ల రెసిస్టర్ ఒకటి తగిలిస్తే సర్దుకుంది. ఇంకో మాట, భాగాలు ఇన్ని పెరిగేసరికి నా పాత ల్యాప్‌టాప్ మీద రియల్ టైంలో నడవడం లేదన్న హెచ్చరిక వస్తూనే ఉంది. ఏరియేటర్ల మధ్య ఆగే సమయాన్ని కోడ్‌లో ఒక సెకనుకు తగ్గించి నడిపాను.

అమ్మీటర్ అదే చోట పెట్టాను. మొదటి రిలే పడగానే 70 మిల్లీఆంపియర్లకు దగ్గరలో చూపించింది. రెండోదానికి 140కి వెళ్లింది. ఒక్కో రిలే పడేకొద్దీ ఆ అంకె మెట్లెక్కుతుంటే చూడటం నాకు ఎంత సంతోషం కలిగించిందో చెప్పలేను. ఎనిమిదోది పడ్డాక 550 దగ్గర నిలబడింది. ట్రాన్సిస్టర్ మీద కొంచెం వోల్టేజి పోతుంది కాబట్టి కాగితం మీద వచ్చే 571 రాదు, అదీ సరిగ్గానే చూపించింది.

మిగతాది పెన్సిల్‌తో తేలిపోయింది. ప్యానెల్‌లో 9 వోల్టుల అడాప్టర్‌ను ఆర్డుయినోకు పెట్టి, ఆర్డుయినో 5 వోల్టుల పిన్ను నుంచే రిలే బోర్డును నడుపుతున్నారు. 9 నుంచి 5కు దిగాలంటే మధ్యలోని 4 వోల్టులు వేడిగా పోవాల్సిందే. 4ను 0.55తో గుణిస్తే 2.2 వాట్లు. అందులో కొంత ముందుండే డయోడ్ తీసుకున్నా, మిగతాదంతా ఆర్డుయినో మీద వోల్టేజి తగ్గించే గోరంత రెగ్యులేటర్ మీదే. దాని మీద ఆర్డుయినో సొంత ఖర్చు, డిస్‌ప్లే వెనక లైటు అదనం. పగలు మూడు నాలుగు రిలేలకు ఆ వేడిని తట్టుకుంటుంది. రాత్రి ఎనిమిదికి, అదీ మూసిన రేకు పెట్టెలో, తట్టుకోలేక తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. అది ఆగితే ఆర్డుయినో చచ్చి మళ్లీ లేస్తుంది. లేవగానే ఎనిమిదీ కలిపి లాగుతుంది. తలుపు తీస్తే గాలి ఆడి చల్లబడుతుంది. రైతు చెప్పిన ప్రతి ముక్కా లెక్కలో కూర్చుంది.

మర్నాడు గుంట దగ్గర ఎనిమిదీ వేయించి, కాసేపు తలుపు మూసి, తీసి చూశాను. రెగ్యులేటర్ మీద వేలు ఆనించలేకపోయాను. మల్టీమీటర్ పెడితే కాయిల్ కరెంటు సిమ్యులేషన్‌లో చూసినదానికి చాలా దగ్గరగా వచ్చింది. బోర్డు మీది జంపర్ తీసేసి, కాయిళ్లకు విడిగా 5 వోల్టులు, 2 ఆంపియర్ల సప్లై పెట్టాను. కోడ్‌లో ముందు హై, తర్వాత అవుట్‌పుట్ వచ్చేలా ఆ రెండు వరసలూ అటూ ఇటూ మార్చాను.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. అమ్మీటర్‌ను ఇంత పొగిడాను కాబట్టి ఇదీ చెప్పాలి. ఆ తర్వాత కూడా ఎప్పుడో ఒకసారి, ఏరియేటర్ ఆపినప్పుడు, డిస్‌ప్లే మీద పిచ్చి గీతలు వచ్చి ప్యానెల్ బిగుసుకుపోయేది. ఇది కాంటాక్టర్ (రిలే చెబితే మోటారును ఆన్ చేసే పెద్ద స్విచ్చు) కాయిల్ వదిలేటప్పుడు పుట్టే అలజడి తీగల వెంట పాకి వచ్చేది. 100 ఓమ్‌లు, 0.1 మైక్రోఫారడ్ కలిపిన స్నబ్బర్లు ప్రతి కాంటాక్టర్ కాయిల్‌కూ అడ్డంగా కట్టాక పోయింది. దీన్ని సిమ్యులేషన్‌లో చూడాలని చాలా ప్రయత్నించాను, కుదరలేదు. ప్యానెల్‌లో ఏ తీగ ఏ తీగకు ఆనుకుని పోతోందో స్కీమాటిక్‌కు తెలియదు. అలాగే ప్రోటియస్‌లో మైక్రోకంట్రోలర్‌కు (ఆర్డుయినోలోని చిప్‌కు) సప్లై లోపల్నుంచే నికరంగా అందుతుంది, బయట వోల్టేజి పడిపోయిందని దానంతటది రీసెట్ కాదు. వేడి లెక్క కూడా మనమే వేసుకోవాలి. అమ్మీటర్ అంకె చూపిస్తుంది, ఆ అంకె రెగ్యులేటర్‌ను ఏం చేస్తుందో ఆలోచించాల్సింది మనం.

ఇప్పుడు నేను కొత్తగా కట్టేవాటిలో 12 వోల్టుల రిలే బోర్డులే వాడుతున్నాను. అదీ ఈ అమ్మీటర్ చలవే. కాయిల్‌ను 12 వోల్టులకు, 400 ఓమ్‌లకు మార్చి నడిపితే ఎనిమిదికి కలిపి 240 మిల్లీఆంపియర్లు దాటలేదు. 12 వోల్టుల సప్లై నుంచి నేరుగా ఇచ్చేయొచ్చు, మధ్యలో వేడెక్కేది ఏదీ ఉండదు. నెల్లూరులో ఆ బోర్డులు అన్నిసార్లూ దొరకవు, చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి తెప్పించుకుంటాను.

మరి కొనమంటారా అంటే, అది మీ పనిని బట్టి. నాకు ప్యానెళ్లే బతుకుతెరువు, గుంట దగ్గర ఒక్క రాత్రి తేడా జరిగితే రైతుకు జవాబు చెప్పుకోవాల్సినవాణ్ని, కాబట్టి లైసెన్స్‌కు పెట్టిన డబ్బు దండగ అనిపించలేదు. డెమోలో మన డిజైన్ సేవ్ కాదు, మన సొంత మైక్రోకంట్రోలర్ సర్క్యూట్ నడపలేం, దాంతో ఈ పని జరగదు. కాలేజీ ప్రాజెక్టు చేసే పిల్లలు అంత ఖర్చు పెట్టనక్కర్లేదు. ఇలాంటి సిమ్యులేటర్లు వేరేవీ ఉన్నాయి. కోడ్ చూసుకోవడానికి వోక్వి ఉంది, అందులో రిలే మాడ్యూల్ కూడా ఉంది, ఆంపియర్లు కొలిచే పని మాత్రం దానికి పెట్టొద్దు. కరెంటు లెక్కకు టింకర్‌క్యాడ్‌లో మల్టీమీటర్ పెట్టుకోవచ్చు. ఎల్‌టీస్పైస్‌లో కాయిల్‌ను ఒక రెసిస్టర్, ఒక ఇండక్టర్‌గా రాసుకున్నా సరిపోతుంది. మూడూ ఉచితమే.

లైబ్రరీ బోర్డును నేను తీసేయలేదు. కోడ్ రాసే రోజుల్లో దాన్నే పెడతాను, చకచకా నడుస్తుంది. ప్యానెల్ పెట్టెలోకి సప్లై ఏది వేయాలో తేల్చేరోజు మాత్రం విడిభాగాల షీటు తెరిచి, 5 వోల్టుల తీగలో అమ్మీటర్ పెట్టి, ఎనిమిదీ వేసి చూస్తాను. మీరు దించుకున్న బోర్డు సంగతి తెలుసుకోవడానికీ ఇదే పరీక్ష. రిలేలన్నీ పడినా అమ్మీటర్ సున్నా దగ్గరే ఉంటే, సప్లై ఎంత వేయాలో ఆ బోర్డును అడగొద్దు.