అడ్మినిస్ట్రేటర్‌గా నడపాలా, ఫోల్డర్ అనుమతులు మార్చాలా?

అనంతపురంలోని మా ఇంటి కంప్యూటర్‌లో తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించబోతే, ‘యాక్సెస్ ఈజ్ డినైడ్’ అన్న సందేశంతో పని మధ్యలోనే ఆగిపోయింది. సాఫ్ట్‌వేర్‌లు సాధారణంగా చేరే, విండోస్‌లోని ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌ను సాధారణ అకౌంట్‌తో చదవగలమే గాని అందులో ఏదీ రాయలేము కాబట్టి, ఇలాంటప్పుడు రెండు దారులు కనిపిస్తాయి.

మొదటిది, ఇన్‌స్టాలర్‌పై రైట్ క్లిక్ చేసి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ ఎంచుకోవడం. 2007లో విండోస్ విస్టాతో ఇళ్లకు చేరిన యూజర్ అకౌంట్ కంట్రోల్ ఏర్పాటు ప్రకారం, అధికారం ఆ ఒక్క పనికే దక్కి, పని ముగియగానే తొలగిపోతుంది.

రెండవది, ఫోల్డర్ ప్రాపర్టీస్‌లోని సెక్యూరిటీ ట్యాబ్‌లో యూజర్స్ అందరికీ ‘ఫుల్ కంట్రోల్’ ఇవ్వడం. దీనితో అప్పటికి పని జరుగుతుంది గాని మార్పు అలాగే నిలిచిపోతుంది. పిల్లలు పొరపాటున తెరిచిన హానికరమైన ఫైలు కూడా అక్కడి ప్రోగ్రామ్‌లను మార్చివేయగలదు, ఆ తరువాత ఎవరైనా ఆ ప్రోగ్రామ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే ఆ హానికి కంప్యూటర్ అంతటిపైనా అధికారం చిక్కుతుంది. అందుకే ప్రోగ్రామ్ ఫైల్స్ విషయంలో దీనిని నేను గట్టిగా వద్దంటాను. అయితే డీ డ్రైవ్‌లో మనమే సృష్టించుకున్న ఫోల్డర్, విండోస్‌ను తిరిగి ఎక్కించిన తరువాత పాత అకౌంట్ పేరుతోనే ఉండిపోయి తెరుచుకోకపోతే, రెండవ దారే సరైనది. అప్పుడైనా మన అకౌంట్‌కు మాత్రమే, ‘మాడిఫై’ (ఫైళ్లను చదవడం, మార్చడం, తొలగించడం) వరకే అనుమతి ఇస్తే చాలు.