విజయవాడ–హైదరాబాద్ ఏసీ బస్సు: సీట్లు బాగున్నాయి, వాన వస్తే మాత్రం నమ్మలేం

సీట్ల సంగతి ముందే చెప్పేస్తా, బాగున్నాయి. వెనక్కి బాగా వాలుతాయి, కాళ్లకు చోటుంది, డ్రైవర్లు కూడా నెమ్మదస్తులు. మామూలు రోజుల్లో అయితే ఈ ట్రావెల్స్‌కు వంక పెట్టలేం. కానీ ఎండలు ముదిరినప్పుడు, వానలు పట్టుకున్నప్పుడు ఎలా నడుపుతారో కూడా చూడాలి కదా, మన దగ్గర అలాంటి రోజులు ఇప్పుడేం తక్కువ లేవు.

మే నెలలో మధ్యాహ్నం బస్సుకు బెంజ్ సర్కిల్ దగ్గర అరగంట ముందే ఉండమంటారు, బస్సేమో ఆలస్యంగా వస్తుంది, నిలబడ్డానికి నీడ లేదు. ఎక్కాక కూడా గొల్లపూడిలో, ఇబ్రహీంపట్నంలో ఆగినంతసేపూ ఉక్కపోతే. ఏసీ కంప్రెసర్ బండి ఇంజిన్ మీదే తిరిగే బస్సుల్లో, ఆగి ఉన్నప్పుడు చల్లదనం తగ్గుతుంది. పికప్‌లు తగ్గించి నీడ ఉన్నచోట పెడితే సగం బాధ తీరుతుంది. మా ఇంట్లో పెద్దవాళ్లు ఎండాకాలం పగటి ప్రయాణాలే మానేశారు, చాలామందిదీ అదే దారి, దాంతో రాత్రి సీట్ల రేటు అమాంతం పెరుగుతోంది.

అసలు కోపం వాన గురించి. 2024 సెప్టెంబర్ 1న ఏం జరిగిందో ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. ఇటు బుడమేరు సింగ్ నగర్‌ను ముంచింది, అటు నందిగామ దగ్గర ఐతవరంలో మున్నేరు నీళ్లు హైవే ఎక్కాయి, కేసముద్రం దగ్గర పట్టాల కింద కంకర కొట్టుకుపోయి రైళ్లూ ఆగాయి. హైదరాబాద్ వెళ్లాలంటే గుంటూరు, పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా నార్కట్‌పల్లి వైపు తిరగాల్సి వచ్చింది. అంత జరిగాకైనా బస్సులు నడిపేవాళ్లు హైవే మూసేస్తే ఏ దారిన వెళ్లాలి, జనానికి ఎప్పుడు చెప్పాలి అన్నది ముందే అనుకుని పెట్టుకోవాలి. వీళ్ల దగ్గర అదేం లేదు. మొన్న పెద్ద వాన రోజున యాప్‌లో బస్సు టైముకే వస్తుందని చూపిస్తూనే ఉంది, కస్టమర్ కేర్ ఫోన్ ఎత్తలేదు, పిల్లలతో తడుస్తూ నిలబడ్డాక క్యాన్సిల్ అయిందని మెసేజ్ వచ్చింది. పైగా మేమే క్యాన్సిల్ చేసుకున్నట్టు చూపించి డబ్బు కోశారు! ఇది అన్యాయం. వాన ఎవరి చేతుల్లోనూ లేదు, ఒప్పుకుంటా, కానీ రెండు గంటల ముందు ఒక్క మెసేజ్ పెట్టడం వాళ్ల చేతుల్లోదే.

వాతావరణ శాఖ ఆరెంజో రెడ్డో హెచ్చరిక ఇచ్చిన రోజున, ముఖ్యంగా పెద్దవాళ్లతో, చంటిపిల్లలతో వెళ్లేవాళ్లు వీళ్ల బస్సు బుక్ చేయకండి. నెహ్రూ బస్టాండ్‌కు పోయి ఆర్టీసీ బస్సు చూసుకోండి, అక్కడ తలమీద కప్పుంది, అడగడానికి ఎంక్వైరీ కౌంటర్ ఉంది. ఎండా వానా లేని రోజుల్లో అయితే నిశ్చింతగా ఎక్కొచ్చు. కోసిన డబ్బు కోసం ఫిర్యాదు పెట్టాను, తిరిగి ఇస్తే రేటింగ్ మారుస్తాను.